పాఠం 17: మీరు చేసిన కేబుల్ పనిచేయడం లేదా? దోషాన్ని వెతికే పద్ధతి

17.1 పరిచయం

మీ ఇంట్లో రేడియో పలకకపోతే మీరు ఏం చేస్తారు? చాలామంది దాని నెత్తిన ఒక దెబ్బ వేస్తారు. ఒక్కొక్కసారి అది పలుకుతుంది కూడా! కాని అది ఎందుకు ఆగిందో, మళ్లీ ఎందుకు పలికిందో మనకు తెలియదు. మర్నాడు మళ్లీ ఆగిపోతే ఇంకో దెబ్బ వేయడం తప్ప మన దగ్గర వేరే ఉపాయం ఉండదు.

దెబ్బ వేయడం అదృష్టాన్ని నమ్ముకునే పద్ధతి. ఈ పాఠంలో మీరు ఇంకొక పద్ధతి నేర్చుకుంటారు. అది ఒక్కొక్క ప్రశ్న వేసుకుంటూ, దోషం ఉన్న చోటును దగ్గర చేసుకుంటూ పోయే పద్ధతి. దీనిని అర్థం చేసుకోవడానికి ఒక సందర్భం ఊహించుకుందాం.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు పట్టణం గురించి మీరు వినే ఉంటారు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ప్రకారం అక్కడ ఉక్కు కర్మాగారాన్ని నిర్మించారు. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. భారతీయ రైల్వేల పట్టాలు ఎన్నో ఇక్కడ తయారైనవే. పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాలు ఎన్నో అక్కడే స్థిరపడ్డాయి. అందుకే క్యాంప్ 1 వంటి పేటల్లో తెలుగు మాట వినిపిస్తుంది.

క్యాంప్ 1లో ఒక చిన్న మొబైల్ రిపేరు కొట్టు ఉందనుకోండి. కొట్టు మేనమామది. పని నేర్చుకుంటున్నవాడు మేనల్లుడు. ఎనిమిదో తరగతిలో బడి మానేశాడు. ఇప్పుడు మీలాగే ఇంటి దగ్గర చదువుకుంటూ పదో తరగతి పరీక్షకు సిద్ధమవుతున్నాడు. ఎయిర్ రైఫిల్ నేర్పే కోచ్ ఒకాయన వాళ్ల దగ్గరకు ఒక పరికరం తెచ్చాడు. అది తుపాకీ గుండు వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్. దానిని కంప్యూటర్‌కు కలిపే కేబుల్ పోయింది, బజారులో అది దొరకడం లేదు, చేసి ఇవ్వగలరా అని అడిగాడు. మేనల్లుడు ఒక రాత్రంతా కూర్చుని కేబుల్ తయారు చేశాడు. తగిలించి చూస్తే కంప్యూటర్‌లో ఒక్క అంకె కూడా రాలేదు.

"మావయ్యా, ఇది పని చెయ్యట్లేదు. పారేసి కొత్తది చేసెయ్యనా?"

"చెయ్యి. కాని ఇందులో తప్పేటో తెలీకుండా కొత్తది చేస్తే, అందులోనూ అదే తప్పు చేస్తావు."

మేనమామ చెప్పిన ఈ మాటే ఈ పాఠానికి సారాంశం. ఇంకొక సంగతి కూడా గుర్తుంచుకోండి. ఆ పరికరం వాళ్లది కాదు, నమ్మి ఇచ్చినవాడిది. ఒక తీగ తగలకూడని చోట తగిలితే అది పాడైపోవచ్చు. పరికరం ఖరీదు కట్టి ఇవ్వవచ్చు గాని, పోయిన నమ్మకానికి ఖరీదు కట్టలేం.

17.2 ఉద్దేశ్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

• క్రోనోగ్రాఫ్ వేగాన్ని ఎలా కొలుస్తుందో వివరించగలుగుతారు.
• యు.ఎస్.బి. కేబుల్‌లోని నాలుగు తీగల పనులను చెప్పగలుగుతారు.
• మల్టీమీటరుతో తెగిన తీగను, కలవకూడని చోట కలిసిన తీగను గుర్తించగలుగుతారు.
• దోషం కంప్యూటర్ వైపు ఉందో, పరికరం వైపు ఉందో తేల్చగలుగుతారు.
• కేబుల్ తప్పును, కేబుల్‌ది కాని తప్పును వేరు చేయగలుగుతారు.

17.3 క్రోనోగ్రాఫ్ అంటే ఏమిటి?

బస్సు వేగాన్ని మీరు ఎలా లెక్కిస్తారు? అది ఎంత దూరం పోయింది, ఎంత సమయం పట్టింది అని చూస్తారు. దూరాన్ని సమయంతో భాగిస్తే వేగం వస్తుంది. క్రోనోగ్రాఫ్ చేసే పని కూడా ఇంతే.

సాధారణ క్రోనోగ్రాఫ్‌లో వెలుతురును గమనించే రెండు 'కళ్లు' ఉంటాయి. వాటి మధ్య దూరం ముందే తెలుసు. గుండు మొదటి కన్ను మీదుగా పోయినప్పుడు దాని నీడ పడుతుంది. గడియారం మొదలవుతుంది. రెండో కన్ను మీద నీడ పడగానే గడియారం ఆగుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. రెండు కళ్ల మధ్య దూరం 30 సెంటీమీటర్లు, అంటే 0.3 మీటరు. 10 మీటర్ల పోటీలలో వాడే ఎయిర్ రైఫిల్ గుండు వేగం సెకనుకు సుమారు 170 మీటర్లు. అయితే పట్టే సమయం ఎంత?

0.3 ÷ 170 = 0.00176 సెకను

అంటే సెకనులో వెయ్యో వంతుకు రెండింతలు కూడా లేదు. ఇంత చిన్న కాలాన్ని మన చేతి గడియారంతో కొలవలేం. గుండు వేగాన్ని కొలవడానికి 1742లోనే ఇంగ్లండుకు చెందిన బెంజమిన్ రాబిన్స్ ఒక ఉపాయం చెప్పాడు. ఊగే బరువైన దిమ్మెలోకి గుండును పేల్చి, దిమ్మె ఎంత ఊగిందో చూసి వేగాన్ని లెక్కకట్టాడు. ఆ లెక్కనే ఇప్పుడు మన అరచేతంత ఎలక్ట్రానిక్ పరికరం క్షణంలో చేస్తున్నది.

మరి కేబుల్ ఎందుకు? 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ అర్హత దశలో 60 సార్లు కాల్చాలి. ఇదే విభాగంలో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచాడు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచాడు. ఈ ఆటలో ప్రతి గుండూ ఒకే వేగంతో పోవడం ముఖ్యం. 171, 172, 170, 172, 171 అని వస్తే తుపాకీ నిలకడగా ఉన్నట్టు. 171, 164, 173, 160 అని వస్తే గాలి సిలిండర్లోనో, వాల్వు దగ్గరో, సీలులోనో ఏదో లోపం ఉందని కోచ్ అనుమానిస్తాడు. 60 అంకెలను చేత్తో రాసుకుంటే 164 కాస్తా 146 కావచ్చు. కేబుల్ అంకెలను తప్పు లేకుండా కంప్యూటర్‌కు చేర్చుతుంది.

గమనించండి: కేబుల్‌ను పరీక్షించడానికి తుపాకీ అవసరం లేదు. చాలా క్రోనోగ్రాఫ్‌లు పాత కొలతలను తమలో దాచుకుంటాయి. వాటినే పంపించి చూడవచ్చు. రిపేరు బల్ల దగ్గరకు తుపాకీని రానివ్వకండి. కాల్చడం రేంజిలోనే, కోచ్ సమక్షంలోనే జరగాలి.

17.4 కేబుల్ లోపల ఏముంది?

యు.ఎస్.బి. అనే ఏర్పాటు 1996లో వెలువడింది. అంతకుముందు కీబోర్డుకు ఒక ప్లగ్, ప్రింటరుకు ఇంకొక ప్లగ్, మౌసుకు వేరొక ప్లగ్ ఉండేవి. అన్నింటికీ ఒకటే ప్లగ్ ఉండాలన్నది దీని ఉద్దేశం. మామూలు యు.ఎస్.బి. కేబుల్ పైతొడుగు తీస్తే నాలుగు తీగలు కనిపిస్తాయి.

ఎరుపు: 5 వోల్టుల విద్యుత్తు
నలుపు: గ్రౌండ్, అంటే విద్యుత్తు తిరిగి వచ్చే దారి
ఆకుపచ్చ: డేటా ప్లస్
తెలుపు: డేటా మైనస్

ఆకుపచ్చ, తెలుపు తీగలు ఒకదానినొకటి మెలివేసుకుని ఉంటాయి. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాయే సమాచారం. బయటి నుంచి వచ్చే విద్యుత్ అలజడి రెండింటి మీదా ఒకేలా పడుతుంది కాబట్టి తేడా మారదు. మెలిక వెనుక ఉన్న రహస్యం ఇదే. అందువల్ల అతుకు దగ్గర ఈ మెలికను అవసరం కన్నా ఎక్కువ విప్పకండి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు తీసుకోవాలి.

మొదటిది, రంగును నమ్మి పని మొదలుపెట్టకండి. చవక కేబుళ్లలో రంగులు మారి ఉండవచ్చు. రంగు ఒక ఊహ మాత్రమే. మీటరు చెప్పింది నిజం.

రెండోది, కొన్ని చార్జింగ్ కేబుళ్లలో ఎరుపు, నలుపు తీగలు మాత్రమే ఉంటాయి. అవి ఫోనుకు చార్జింగు ఎక్కిస్తాయి గాని, ఒక్క అక్షరం కూడా మోయవు. అలాంటి కేబుల్‌ను కోసి డేటా కేబుల్ చేయాలనుకుంటే ఎంత నేర్పుగా అతికినా లాభం లేదు.

17.5 తీగ కలిసినంత మాత్రాన మాట కలవదు

చాలామంది ఇంట్లో కేబుల్ చేసేటప్పుడు ఒక పొరపాటు చేస్తారు. పరికరానికి ఇయర్‌ఫోను పట్టే గుండ్రని రంధ్రం ఉంటుంది. కంప్యూటర్‌కు యు.ఎస్.బి. ఉంటుంది. 'ఇటు తీగలు, అటు తీగలు కలిపేస్తే సరి' అనుకుంటారు. అది సరికాదు.

గుండ్రని రంధ్రం ద్వారా వచ్చేది సాధారణంగా సీరియల్ భాష. యు.ఎస్.బి. మాట్లాడేది వేరొక భాష. ఒడియా మాత్రమే తెలిసిన వ్యక్తినీ, తెలుగు మాత్రమే తెలిసిన వ్యక్తినీ ఫోనులో కలిపినంత మాత్రాన ఒకరి మాట ఒకరికి అర్థమవుతుందా? మధ్యలో దుబాసీ కావాలి. ఇక్కడ దుబాసీ పని చేసేది యు.ఎస్.బి.-సీరియల్ కన్వర్టర్ అనే చిన్న బోర్డు. దాని మీద ఎఫ్.టి.232, సి.హెచ్.340 వంటి చిప్ ఉంటుంది.

ఈ బోర్డు నుంచి పరికరానికి మూడు తీగలు చాలు. ఒకటి పంపే తీగ, రెండోది అందుకునే తీగ, మూడోది గ్రౌండ్. పరికరంలో సొంత బ్యాటరీ ఉన్నప్పుడు బోర్డు మీది 5 వోల్టుల పిన్‌ను పరికరానికి కలపకండి. ఆ పిన్‌కు ఏ తీగా తగలకుండా టేపు చుట్టండి.

పరికరంలో మామూలు యు.ఎస్.బి. రంధ్రమే ఉంటే దుబాసీ అవసరం లేదు. అప్పుడు నాలుగు తీగలూ నేరుగా, ఏది దానికే కలవాలి. కాని సి రకం ప్లగ్‌ను ఇంట్లో అతికే ప్రయత్నం చేయకండి. మామూలు ప్లగ్ నుంచి సి ప్లగ్‌కు పోయే కేబుల్‌లో 56 కిలో ఓంల నిరోధం ఒకటి ఉండాలి. దానిని కొనుక్కోవడమే మేలు.

పాఠ్యగత ప్రశ్నలు 17.1

1. రెండు కళ్ల మధ్య దూరం 0.6 మీటరు, పట్టిన సమయం 0.004 సెకను అయితే గుండు వేగం ఎంత?
2. డేటా తీగలను ఎందుకు మెలివేస్తారు?
3. ఫోనుకు చార్జింగు ఎక్కించే కేబుల్ డేటాను కూడా పంపుతుందని చెప్పగలమా? ఎందువల్ల?

17.6 దోషాన్ని వెతికే మెట్లు

ఇప్పుడు అసలు పనికి వద్దాం. మెట్లను క్రమంగా ఎక్కండి. ఒక మెట్టు వదిలి ఇంకొకదాని మీదికి దూకకండి. ఒకేసారి రెండు మార్పులు చేయకండి. అలా చేస్తే ఏ మార్పు వల్ల బాగుపడిందో మీకు తెలియదు. పక్కనే ఒక కాగితం పెట్టుకుని, చేసిన ప్రతి పరీక్షనూ దాని ఫలితాన్నీ రాయండి.

మెట్టు 1: లక్షణాన్ని గుర్తించండి

వైద్యుడు మందు రాసే ముందు 'ఎక్కడ నొప్పి?' అని అడుగుతాడు కదా. మీరూ అలాగే అడగండి.

(అ) కంప్యూటర్‌లో ఏ చలనమూ లేదా? విద్యుత్తు అందడం లేదని, లేదా డేటా తీగ తెగిందని అనుమానించండి.
(ఆ) 'గుర్తు తెలియని పరికరం' అని వస్తున్నదా? డేటా తీగలు తారుమారై ఉండవచ్చు, లేదా డ్రైవర్ లేకపోవచ్చు.
(ఇ) పోర్టు నంబరు వచ్చింది గాని అంకెలు రావడం లేదా? కన్వర్టర్‌కు అవతలి వైపు చూడండి.
(ఈ) పిచ్చి అక్షరాలు వస్తున్నాయా? వేగం అమరిక తప్పు కావచ్చు.
(ఉ) ఒకసారి వచ్చి, ఒకసారి పోతున్నదా? అతుకు వదులైంది.

డేటా ప్లస్, డేటా మైనస్ తారుమారైతే కంప్యూటర్ ఎందుకు తికమకపడుతుంది? మామూలు వేగం గల పరికరం డేటా ప్లస్ తీగను 1.5 కిలో ఓంల నిరోధం ద్వారా పైకి లాగి తన ఉనికిని తెలుపుతుంది. తక్కువ వేగం గల పరికరం డేటా మైనస్‌ను లాగుతుంది. తీగలు మారితే కంప్యూటర్‌కు 'ఎవరో వచ్చారు' అని తెలుస్తుంది గాని, వచ్చిందెవరో తెలియదు.

మెట్టు 2: కంటితో, చేతితో చూడండి

కేబుల్‌ను రెండు వైపులా ఊడదీయండి. అతుకుల దగ్గర భూతద్దం పెట్టి చూడండి. మంచి అతుకు నునుపుగా, తీగను అంటిపెట్టుకుని వాలుగా ఉంటుంది. చెడ్డ అతుకు ముద్దలా, ఉండలా నిలబడి ఉంటుంది. పక్క అతుకును తాకే వెంట్రుకంత తీగపోగు ఏమైనా ఉందేమో చూడండి. తీగను మెల్లగా లాగండి. ఊడి వచ్చే అతుకు ఇప్పుడే ఊడిరావడం మంచిది.

పాత ఇయర్‌ఫోను తీగతో కేబుల్ చేసేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ తీగపోగులకు రంగు పూతలా కనిపించే సన్నని లక్క ఉంటుంది. అది విద్యుత్తును పోనివ్వదు, సోల్డరును అంటనివ్వదు. పైకి అతుకు పడినట్టే ఉంటుంది, లోపల సంబంధం ఉండదు. అతికే ముందు కొనను గీకి గాని, వేడి సోల్డరు బొట్టులో కాసేపు ఉంచి గాని ఆ పూతను తీసేయండి.

మెట్టు 3: కంటిన్యుటీ పరీక్ష

మల్టీమీటరును 'బీప్' గుర్తు దగ్గర పెట్టండి. కేబుల్ రెండు కొనలూ దేనికీ తగిలి ఉండకూడదు. ఇప్పుడు రెండు రకాల ప్రశ్నలు వేయాలి.

మొదటి ప్రశ్న: కలవవలసినవి కలిశాయా? ఒక్కొక్క తీగ ఈ కొన నుంచి ఆ కొన వరకు బీప్ అనాలి. నాలుగు తీగలైతే నాలుగు బీప్‌లు.

రెండో ప్రశ్న: కలవకూడనివి కలిశాయా? ఒక తీగకూ ఇంకొక తీగకూ మధ్య బీప్ రాకూడదు. నాలుగు తీగలను జంటలుగా తీసుకుంటే ఆరు జంటలు అవుతాయి. ఆరూ మౌనంగా ఉండాలి. ఎరుపు, నలుపుల మధ్య బీప్ వస్తే ఆ కేబుల్‌ను కంప్యూటర్‌కు తగిలించకండి. అది షార్ట్ సర్క్యూట్.

చాలామంది మొదటి ప్రశ్న వేసి ఊరుకుంటారు. ప్రమాదం రెండో ప్రశ్నలో ఉంది.

బీప్ వస్తుండగా తీగను మెడ దగ్గర అటూ ఇటూ వంచండి. శబ్దం తెగితే తీగ అక్కడ విరిగి ఉంది. కన్వర్టర్ బోర్డు ఉన్న కేబుల్‌లో ఈ పరీక్షను బోర్డు నుంచి గుండ్రని ప్లగ్ వరకే చేయాలి. బోర్డుకు అటూ ఇటూ నేరుగా బీప్ రాకపోవడం తప్పు కాదు.

మెట్టు 4: వోల్టేజి పరీక్ష

పరికరాన్ని తగిలించకుండా, కేబుల్‌ను కంప్యూటర్‌కు మాత్రమే తగిలించండి. మీటరును డి.సి. 20 వోల్టుల దగ్గర పెట్టండి. రెండో కొన దగ్గర ఎరుపు తీగకు ఎర్ర ముల్లును, నలుపు తీగకు నల్ల ముల్లును ఆనించండి. ముళ్లు ఒకదానికొకటి తగలనివ్వకండి. 4.75 నుంచి 5.25 వరకు వస్తే బాగున్నట్టే. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే ఎరుపు, నలుపులు తారుమారయ్యాయి. ఈ ఒక్క మైనస్ గుర్తును చూడకపోతే పరికరం కాలిపోవచ్చు.

తీగ మరీ సన్నదైతే ఏమవుతుంది? మీటరు పొడవుకు 0.2 ఓం నిరోధం గల తీగ 2 మీటర్లు వాడారనుకోండి. విద్యుత్తు పోవాలి, తిరిగి రావాలి. కాబట్టి మొత్తం 4 మీటర్లు, 0.8 ఓం. అర ఆంపియరు ప్రవహిస్తే తగ్గే వోల్టేజి 0.5 × 0.8 = 0.4 వోల్టు. 5 వోల్టులు బయలుదేరితే 4.6 మాత్రమే చేరతాయి. ఏ బరువూ లేనప్పుడు 5 చూపించి, పరికరం తగిలించగానే పడిపోయే కేబుల్ రహస్యం ఇదే. యు.ఎస్.బి. కేబుల్‌ను 5 మీటర్లకు మించి పొడిగించకండి.

మెట్టు 5: సీరియల్ వోల్టేజిని తెలుసుకోండి

సీరియల్ భాషలో కూడా రెండు యాసలు ఉన్నాయి. పాతదైన ఆర్.ఎస్.232 పద్ధతిలో తీగ ఖాళీగా ఉన్నప్పుడు మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టుల మధ్య ఉంటుంది. టి.టి.ఎల్. పద్ధతిలో ఖాళీగా ఉన్నప్పుడు ప్లస్ 3.3 లేదా ప్లస్ 5 వోల్టులు ఉంటుంది. పరికరాన్ని ఆన్ చేసి, దాని పంపే పిన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య కొలవండి.

మైనస్ వస్తే ఆర్.ఎస్.232 రకం కన్వర్టర్ కావాలి. టి.టి.ఎల్. బోర్డును తగిలిస్తే అది పాడవుతుంది. ప్లస్ 3.3 వస్తే టి.టి.ఎల్. బోర్డును 3.3 వోల్టుల అమరికలోనే వాడాలి. సున్నా వస్తే తొందరపడకండి. పిన్ తప్పు కావచ్చు, పరికరం నిద్రలో ఉండవచ్చు, కొన్ని పరికరాల పద్ధతే వేరు కావచ్చు. పరికరంతో వచ్చిన పుస్తకం చూడండి.

మెట్టు 6: తన మాట తనకే వినిపించే పరీక్ష

ఇది ఈ పాఠంలో అన్నిటికన్నా విలువైన పరీక్ష. పరికరాన్ని ఊడదీయండి. కన్వర్టర్ బోర్డు మీది పంపే పిన్‌ను, అందుకునే పిన్‌ను ఒక చిన్న తీగతో కలపండి. కంప్యూటర్‌లో టెర్మినల్ ప్రోగ్రాం తెరిచి, తాను టైపు చేసింది తానే చూపించే అమరికను ఆపేయండి. ఇప్పుడు ఏదైనా అక్షరం కొట్టండి.

అక్షరం తెర మీద కనిపిస్తే అది బోర్డు దాకా పోయి తిరిగి వచ్చిందన్నమాట. అంటే కంప్యూటర్, డ్రైవర్, పోర్టు, బోర్డు అన్నీ బాగున్నాయి. దోషం అవతలి సగంలో ఉంది. కనిపించకపోతే దోషం ఇవతలి సగంలోనే ఉంది. ఒక్క పరీక్షతో వెతకవలసిన చోటు సగం తగ్గింది!

మెట్టు 7: ఎదురెదురుగా కలపండి, వేగం సరిచూడండి

పరికరం పంపే పిన్ బోర్డు అందుకునే పిన్‌కు కలవాలి. ఫోనులో ఒకరి నోరు ఇంకొకరి చెవి వైపు ఉంటుంది కదా. పంపే పిన్‌ను పంపే పిన్‌కే కలిపితే ఇద్దరూ మాట్లాడతారు, వినేవారు ఉండరు.

తరువాత వేగం. సెకనుకు 9600 బిట్లు అంటే ఒక్కొక్క బిట్ సుమారు 104 మైక్రోసెకన్లు ఉంటుంది. 4800 అయితే 208 మైక్రోసెకన్లు. పంపేవారు 9600తో పంపుతుంటే, వినేవారు 4800తో వింటే రెండు బిట్లను ఒకటిగా చదువుతారు. తెర మీద పిచ్చి అక్షరాలు వస్తాయి. పిచ్చి అక్షరాలు వస్తే బాధపడకండి. అది శుభవార్త! తీగలు కలిశాయని, సమాచారం వస్తున్నదని అర్థం. పరికరం పుస్తకంలో ఉన్న వేగాన్ని కంప్యూటర్‌లో పెట్టండి.

పాఠ్యగత ప్రశ్నలు 17.2

1. మూడు తీగల కేబుల్‌లో కలవకూడని జంటలు ఎన్ని?
2. మెట్టు 6లో అక్షరం తిరిగి వచ్చింది, అయినా పరికరం నుంచి అంకెలు రావడం లేదు. తరువాత ఎక్కడ వెతుకుతారు?
3. పిచ్చి అక్షరాలు రావడం శుభవార్త అని ఎందుకు అన్నాం?

17.7 కేబుల్‌ది కాని తప్పు

కొన్నిసార్లు కేబుల్ బాగానే ఉంటుంది. అయినా నింద దాని మీదే పడుతుంది.

పరికరం అద్దం మీద 172 ఉంది, కంప్యూటర్‌లో 564 ఉంది అనుకోండి. కేబుల్ చెడిపోయిందా? 172ను 3.28తో గుణించండి. 564 వస్తుంది. ఒకటి మీటర్లలో చూపుతోంది, ఇంకొకటి అడుగులలో చూపుతోంది. తప్పు కేబుల్‌ది కాదు, ప్రమాణానిది.

పరికరం అద్దం మీదనే 171 తరువాత 340, ఆ తరువాత 'తప్పు' అని వస్తుంటే? కేబుల్‌ను ఊడదీసి చూడండి. అప్పుడూ అలాగే వస్తే పైకప్పు వైపు చూడండి. మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తాలు. ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుమంటుంది. మన కంటికి అది తెలియదు గాని, క్రోనోగ్రాఫ్ కంటికి తెలుస్తుంది. ఆ మినుకును గుండు నీడ అనుకుని మోసపోతుంది. పగటి వెలుతురులో మళ్లీ చూడండి.

ఈ సూత్రం గుర్తుంచుకోండి: కేబుల్ కొలవదు, మోస్తుంది. అద్దం మీది అంకె, కంప్యూటర్‌లోని అంకె ఒకటే అయితే కేబుల్ తన పని చేసినట్టే.

17.8 కొట్టులో ఏం జరిగింది?

మన మేనల్లుడు మెట్లు ఎక్కడం మొదలుపెట్టాడు. కంప్యూటర్‌లో పోర్టు నంబరు కనిపిస్తున్నది. కాబట్టి అతని లక్షణం (ఇ). అతుకులు పైకి బాగానే ఉన్నాయి. కాని కంటిన్యుటీ పరీక్షలో గ్రౌండ్ తీగ బీప్ అనలేదు. అతను వాడింది పాత ఇయర్‌ఫోను తీగ. లక్క పూత గీకకుండా అతికాడు. గీకి మళ్లీ అతికాడు. ఇప్పుడు బీప్ వచ్చింది.

"దొరికింది మావయ్యా! ఇంక తగిలించేస్తాను."

"ఒక దొంగ దొరికితే రెండోవాడు లేడనేటి? మళ్లీ మొదటి నుంచి చూడు."

మళ్లీ చూశాడు. బోర్డు మీది 5 వోల్టుల పిన్‌కు టేపు చుట్టే ఉంది. పరికరం పంపే పిన్ దగ్గర ప్లస్ 3.3 వోల్టులు వచ్చాయి. బోర్డు 5 వోల్టుల అమరికలో ఉంది. దానిని 3.3కు మార్చాడు. మళ్లీ చూడమని మేనమామ చెప్పకపోతే ఈ సంగతి అతని కంట పడేది కాదు. తన మాట తనకే వినిపించే పరీక్షలో అక్షరం తిరిగి వచ్చింది. పుస్తకం ప్రకారం ప్లగ్ కొన పంపేది, మధ్య ఉంగరం అందుకునేది. అతను పంపేదాన్ని పంపేదానికే కలిపాడు. రెండు తీగలనూ మార్చాడు. కంటిన్యుటీ మళ్లీ చూసి పరికరాన్ని తగిలించాడు. తెర నిండా పిచ్చి అక్షరాలు! వేగాన్ని 4800 నుంచి 9600కు మార్చాడు.

171. 172. 170.

అద్దం మీద చూశాడు. 171. 172. 170. అవే అంకెలు.

అతని మొదటి ఆలోచన ప్రకారం పారేసి కొత్తది చేసి ఉంటే ఏమయ్యేది? అదే ఇయర్‌ఫోను తీగ, అదే తారుమారు, అదే వేగం. ఇంకొక రాత్రి వృథా అయ్యేది. ఇప్పుడతని దగ్గర పనిచేసే కేబుల్‌తో పాటు తాను రాసుకున్న కాగితం కూడా ఉంది. ఏ పిన్ దేనికి కలిసింది, ఏ వోల్టేజి, ఏ వేగం అన్నీ అందులో ఉన్నాయి. ఆ కాగితం నకలును కేబుల్‌తో పాటు కోచ్‌కు ఇవ్వమని మేనమామ చెప్పాడు. రేపు కేబుల్ తెగితే ఇంకెవరైనా బాగు చేయగలగాలి కదా!

17.9 మీరు ఏం నేర్చుకున్నారు?

• క్రోనోగ్రాఫ్ తెలిసిన దూరాన్ని కొలిచిన సమయంతో భాగించి వేగాన్ని చెబుతుంది.
• సీరియల్ వేరు, యు.ఎస్.బి. వేరు. మధ్యలో కన్వర్టర్ ఉండాలి.
• రంగును నమ్మకుండా మీటరుతో నిర్ధారించుకోవాలి.
• కలవవలసినవి కలిశాయా, కలవకూడనివి విడిగా ఉన్నాయా అని రెండూ చూడాలి.
• ఒక దోషం దొరకగానే ఆగకూడదు. మళ్లీ మొదటి నుంచి పరీక్షించాలి.
• ఒకసారికి ఒకే మార్పు చేయాలి. ప్రతి మార్పునూ రాసుకోవాలి.

17.10 అభ్యాసం

1. మీ ఇంట్లోని పాత యు.ఎస్.బి. కేబుల్ ఒకదానిని తీసుకుని, అందులో ఎన్ని తీగలు ఉన్నాయో చూడండి. ఏ రంగు ఏ పిన్‌కు కలిసిందో పట్టిక తయారు చేయండి.
2. ఫ్యాను తిరగడం లేదు. దోషాన్ని సగం సగం తగ్గించుకుంటూ వెతకడానికి ఏ ఏ ప్రశ్నలు వేస్తారు? సరఫరా ఉన్న చోట దేనినీ తాకకుండా, చూసి తెలుసుకోగలిగిన ప్రశ్నలే రాయండి.
3. మీటరు పొడవుకు 0.1 ఓం నిరోధం గల తీగతో 3 మీటర్ల కేబుల్ చేశారు. అర ఆంపియరు ప్రవహిస్తే ఎంత వోల్టేజి తగ్గుతుంది?

జవాబులు

పాఠ్యగత ప్రశ్నలు 17.1: (1) సెకనుకు 150 మీటర్లు. (2) బయటి అలజడి రెండు తీగల మీదా ఒకేలా పడి, వాటి మధ్య తేడా మారకుండా ఉండటానికి. (3) చెప్పలేం. కొన్నింటిలో డేటా తీగలు ఉండవు.

పాఠ్యగత ప్రశ్నలు 17.2: (1) మూడు. (2) బోర్డు నుంచి పరికరం వరకు: గ్రౌండ్, పంపే-అందుకునే తీగల అమరిక, వోల్టేజి రకం. (3) తీగలు కలిశాయని, సమాచారం చేరుతున్నదని తెలుస్తుంది. సరిచేయవలసింది వేగం అమరిక.

అభ్యాసం 3: పోవడానికి, రావడానికి మొత్తం 6 మీటర్లు, 0.6 ఓం. 0.5 × 0.6 = 0.3 వోల్టు.

మీ జవాబు వీటితో కలవకపోతే ఆ భాగాన్ని మళ్లీ చదవండి. తప్పు ఎక్కడ జరిగిందో మీరే వెతకండి. ఈ పాఠంలో మీరు నేర్చుకున్నది అదే కదా!